సూది పడిపోయే బండి

పిన్ని కర్మకాండ ముగిసిన తరువాత, రాయపూర్ నుండి ఒక మధ్యాహ్నం ఒంటరిగా భిలాయి వెళ్ళాను. సెక్టర్ ఆరులో మేము నివసించిన క్వార్టరు ఇప్పుడు ఎవరికీ కేటాయించబడలేదు. తలుపులు ఎవరో ఊడదీసుకుపోయారు. వంటగది గోడకు మసి మాత్రం మిగిలి ఉంది; అది మా అమ్మ బొగ్గుల సిగిడీ పొయ్యి పెట్టుకునే మూల. వరండాలో సిమెంటు గచ్చు మీద, గోడవారగా, చేటంత నల్లని నూనె మరక కనిపించింది. వర్షాలు, ఎండలు, మా తరువాత వచ్చిన కుటుంబాల చీపుళ్ళు, ఏవీ దానిని తుడవలేకపోయాయి. అక్కడ మా పైడిరాజు బాబాయి మోటారుసైకిలు నిలిచి ఉండేది. నేను చాలాసేపు ఆ మరక పక్కనే నిలబడ్డాను. ఇల్లు చూడడానికి వెళ్ళానని మా వాళ్ళకు చెప్పాను గాని, నిజానికి నేను చూడాలనుకున్నది ఆ గదులను కాదు.

బొబ్బిలి దగ్గరి పల్లెనుండి మా నాన్న ముందుగా వచ్చి ఉక్కు కర్మాగారపు రోలింగ్ మిల్లులో క్రేను నడిపే పనిలో కుదిరాడు. ఆయన వెనుక తమ్ముడు పైడిరాజు వచ్చి కర్మాగారపు విద్యుత్ విభాగంలో చేరాడు. ముందు రెండు గదులలో మేము, వెనుక గదిలో బాబాయి, నారాయణమ్మ పిన్ని. వారికి పిల్లలు లేరు. ఆ లోటును నా మీద ప్రేమగా మార్చుకున్నారని ఇప్పుడు అర్థమవుతున్నది. ఆ ఇంటిలో కాలం గడియారంతో కాక డ్యూటీలతో నడిచేది. ఫస్టు షిఫ్టు రోజులలో తెల్లవారకముందే చద్దన్నం, ఉల్లిపాయ, ఊరినుండి తెచ్చిన ఆవకాయ. నైటు షిఫ్టు ముగించుకుని పగలు నిద్రపోయేవారికోసం మేము పిల్లులవలె నడిచేవాళ్ళం. గాలి కోక్ ఓవెన్ల వైపునుండి వీచిన రోజున ఆరవేసిన బట్టలకు గంధకం వాసన పట్టేది. వీచని రోజున పిన్ని తలకు రాసుకునే ఆముదం వాసన ఇల్లంతా తిరిగేది. ఆ ఆముదం కూడా ఊరిదే. ఏడాదికి ఒక డబ్బా మా మేనత్త ఆడించి పంపేది.

ఆముదానికి ఆ ఇంటిలో మరొక ఉపయోగం కూడా ఉండేది. వేసవిలో కర్మాగారపు తెలుగువారందరూ నెలరోజులు సెలవు పెట్టి ఊళ్ళకు పోయేవారు. బండ్లు ఉన్న కొద్దిమందీ పోయేముందు బ్యాటరీ వైరు విప్పి పోవడం ఒక అలవాటు. విప్పకపోతే తిరిగివచ్చేసరికి బ్యాటరీ చచ్చిపోయి ఉంటుందని వారి అనుభవం. తక్కినవారు వైరును విప్పి వదిలేసేవారు. మా బాబాయి అలా వదలడు. పిన్నిని పాత గుడ్డపేలిక అడిగి తీసుకుని, ఆముదంలో ముంచి, వైరు చివరి ఇత్తడి ముక్క చుట్టూ నేత్రవైద్యుడు కట్టు కట్టినంత శ్రద్ధగా చుట్టేవాడు. చిలుము పట్టకూడదట. తిరిగివచ్చిన రోజున స్నానానికి ముందే ఆ కట్టు విప్పి, ఇత్తడిని ఉప్పుకాగితంతో రుద్ది, బిగించి, అప్పుడు గాని గడప దాటి లోపలికి వచ్చేవాడు కాదు. “మీ బాబాయికి నాకన్నా ఆ వైరే ముద్దురా” అని పిన్ని నవ్వేది.

శ్రావణమాసం ముందర, ముసురు పట్టిన ఒక ఉదయం, బాబాయి ఫస్టు షిఫ్టుకని బయలుదేరి డ్యూటీకి చేరలేదు. ఇంటికీ రాలేదు. రెండురోజుల తరువాత అతని బండి భిలాయి-3 స్టేషను సైకిల్ స్టాండులో దొరికింది. మాకు దగ్గరగా వేరే స్టేషను ఉండగా అంత దూరం ఎందుకు పోయాడో ఎవరికీ తెలియలేదు. అతనికి శత్రువులు లేరు, వ్యసనాలు లేవు. ఆ నెలలో కొంచెం తక్కువగా మాట్లాడాడని మాత్రం పిన్ని చెప్పింది. అదే వారంలో చరోదా రైల్వే యార్డు అవతల పట్టాల మీద ఒక దేహం దొరికిందని, గుర్తుపట్టడానికి పోలీసులు నాన్నను పిలిచారు. నాన్న వెళ్ళి, తిరిగివచ్చి, పెరట్లో కుళాయి కింద బట్టలతోనే కూర్చున్నాడు. అమ్మ ఎంత అడిగినా ఒకే మాట అన్నాడు: “సెప్పలేకపోయేను.” అవునని చెప్పలేకపోయాడా, కాదని చెప్పలేకపోయాడా అన్నది ఆయన జీవితాంతం విడదీయలేదు. ఆ దేహాన్ని అనాథగా దహనం చేశారు.

తరువాత ఆ బండిని నాన్న నడపడం మొదలుపెట్టాడు. నిలిపి ఉంచితే పాడైపోతుందని పైకి చెప్పిన కారణం. ఆ బండి శబ్దానికి ఒక ప్రత్యేకత ఉండేది. రెండు దెబ్బలు కొట్టి ఒక దెబ్బ మింగినట్లు. వీధి మలుపులో ఆ శబ్దం వినబడగానే పిన్ని చేతిలోని పని వదిలి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ గేటు వరకూ వచ్చేది. బండి దిగేది బావగారు. ఆమె తల వంచుకుని వెనక్కి తిరిగేది. తన మనస్సుకు తెలిసిన సంగతి తన కాళ్ళకు తెలియదని ఒకసారి అమ్మతో అన్నదట. కొన్ని వారాల తరువాత నాన్న మలుపు దగ్గరే ఇంజను ఆపి, అక్కడినుండి బండిని నెట్టుకుంటూ ఇంటికి రావడం ప్రారంభించాడు. పెట్రోలు పొదుపు చేస్తున్నాడని ఇరుగుపొరుగు హాస్యమాడేవారు. నాన్న నవ్వి ఊరుకునేవాడు. పిన్ని మాత్రం, శబ్దం మానేసిన తరువాత, నిశ్శబ్దాన్ని కూడా వినడం నేర్చుకుంది.

ఆ బండికి ఒక జబ్బు పట్టుకుంది. హెడ్‌లైటు మీద చిన్న అమ్మీటరు ఉండేది. బ్యాటరీకి విద్యుత్తు ఎక్కుతూ ఉంటే దాని సూది కుడివైపుకు వాలి ఉండాలి. వాలి ఉన్న సూది ఉన్నట్లుండి మధ్యకు పడిపోయేది. ఇంజను ఆగేది కాదు. దానికి కావలసిన నిప్పురవ్వ మాగ్నెటోనుండి వేరుగా వచ్చేది. కాసేపటికి సూది తనంతట తానే లేచేది. బ్యాటరీ మాటిమాటికీ నీరసించేది, హారను మూగపోయేది. పవర్ హౌస్ బజారులోని మిస్త్రీ డైనమో బొగ్గుముక్కలు మార్చాడు, రెగ్యులేటరు మార్చాడు, ఆఖరికి బ్యాటరీనే మార్చాడు. అతని దుకాణంలో ఉన్నంతసేపూ సూది బుద్ధిగా నిలబడేది. “యహా తో సబ్ ఠీక్ హై భయ్యా” అన్నాడు మూడవసారి నాన్నతో, చేతులు తుడుచుకుంటూ. “ఇక్కడ బాగుండి మీ ఇంటికి పోయాక పాడవుతోందంటే, గడ్‌బడ్ బండిలో కాదు, మీ ఇంట్లోనే ఉంది.” అతను పరిహాసానికే అన్నాడు. నాన్న ఆ మాట ఇంట్లో చెప్పినప్పుడు ఎవరూ నవ్వలేదు.

బాబాయి కనబడకుండా పోయిన నాలుగేళ్ళకు, నేను బి.యస్సీ. ఆఖరి సంవత్సరంలో ఉండగా ఊరినుండి చినతాత వచ్చాడు. మా తాతకు తమ్ముడు. ఆ తరంలో మిగిలిన పెద్దదిక్కు. చుట్ట కాల్చి ఆర్పిన ముక్కను చెవి వెనుక దాచుకునేవాడు. ఆయన ఒక నిర్ణయంతో వచ్చాడు. కనబడకుండా పోయినవాడికోసం పన్నెండేళ్ళు ఆగమని శాస్త్రం ఉన్నా, దేహం దొరికిందని విన్న తరువాత ఆగడం దోషమనీ, ప్రేతం దాహంతో ఇంటి చుట్టూ తిరుగుతుందనీ, దసరా వెళ్ళాక దర్భలతో బొమ్మ చేసి దానికి దహనం జరిపించాలనీ ఆయన వాదం. ఆ బొమ్మ కాలిన పదవనాడు పిన్ని పుస్తెలు తీసివేయాలి, బొట్టు చెరిపివేయాలి. ఆమెకు అప్పటికి ముప్పై నిండలేదు. ఈ మాటలన్నీ ముందుగదిలో జరుగుతూ ఉంటే, ఆమె వంటగదిలో కందిపప్పు ఏరుతూ ఉంది. ఏరిన పప్పునే మళ్ళీ చేటలో పోసుకుని ఏరుతూ ఉండడం నేను చూశాను.

పోయినవాడి వాహనం ఇంట్లో ఉండకూడదని కూడా చినతాత అన్నాడు. చరోదాలో రైల్వే ఉద్యోగం చేసే తన అల్లుడికి దానిని ఇప్పించాలని ఆయన ఉద్దేశం. అల్లుడు వచ్చి, బండి నడిపి చూసి, సూది పడిపోవడం గమనించి, బాగుచేయిస్తే గాని తీసుకోనని వెళ్ళిపోయాడు. చినతాత నా వైపు తిరిగాడు.

“ఏటిరా సత్యం, మన ఇంటావంటా లేని సదువు సదువుతున్నావు కదేటి. ఆ బండిలో బూతం ఎక్కడ కూకున్నాదో నీ పుస్తకాల్లో రాసీలేదేటి?”

నేను పరిహాసాన్ని కూడా గంభీరంగా స్వీకరించే వయసులో, స్వభావంలో ఉన్నాను. మా వంశంలో మొదట కళాశాల గడప తొక్కినవాడిని. ఇంట్లో జ్వరం వచ్చినా, రేడియో పలకకపోయినా నన్నే అడిగేవారు. అందువలన రెండురోజులు కాగితం మీద బొమ్మలు గీసుకుని ఆలోచించాను. నాకు ఒక సంగతి పొసగలేదు. డైనమో నీరసిస్తే దీపం మసకబారాలి. కాని సూది పడిపోయినప్పుడు దీపం మసకబారడానికి మారుగా తెల్లగా మండి, ఒక్కొక్కసారి పగిలిపోతుందని నాన్న చెప్పాడు. అంటే డైనమో బలంగానే ఉంది. దాని శక్తిని పుచ్చుకుని శాంతింపజేయవలసిన బ్యాటరీ ఆ క్షణంలో వలయంలో లేదు. మిస్త్రీ ఇచ్చేవైపే వెతికాడు. లోపం పుచ్చుకునేవైపు ఉండి ఉండాలి.

ఆదివారం ఉదయం, అన్నాల వేళకు ముందు, వరండాలో బండిని స్టాండు మీద నిలిపి ఇంజను నడిపించాను. సూదిని చూస్తూ చెప్పేందుకు ఒక మనిషి కావాలి. నాన్న స్నానం చేస్తున్నాడు. పిన్ని తానే వచ్చి హెడ్‌లైటు మీద చెయ్యి వేసి నిలబడింది. బాబాయి వెళ్ళిన తరువాత ఆమె ఆ బండిని చేతితో తాకడం అదే మొదటిసారి అనుకుంటాను. నేను సీటు విప్పి, ఒక్కొక్క వైరును పట్టి కదుపుతూ పోయాను.

“ఇప్పుడు?”

“ఉంది. కుడిపక్కకే ఉంది.”

“ఇప్పుడు?”

“ఉంది బాబూ.”

బ్యాటరీనుండి బండి చట్రానికి పోయే వైరు చివరను పట్టి కొంచెం మెలిపెట్టాను.

“పడిపోయింది” అన్నది పిన్ని.

ఆ చివరి బోల్టు గట్టిగా బిగించి ఉంది. అందుకే ఎవరికీ దాని మీద అనుమానం కలగలేదు. లాగి చూసిన ప్రతివాడూ బాగున్నదనే అనుకున్నాడు. ఇంజను ఆపి, పానాతో విప్పాను. ఇత్తడి ముక్కకూ చట్రానికీ మధ్య గోధుమరంగులో, జిగురుగా, అణగిపోయిన పదార్థం ఏదో ఉంది. సూదిమొనతో లేపితే పోగులు పోగులుగా వచ్చింది. గుడ్డ. ఎవరో కట్టు విప్పకుండానే, గుడ్డను చీల్చుకుంటూ బోల్టు దూర్చి బిగించారు. బోల్టు మరల ద్వారా కొంత తగిలీ తగలక విద్యుత్తు ఇంతకాలం కాలక్షేపం చేసింది.

పిన్ని ఆ పోగులను నా చేతినుండి తీసుకుని వాసన చూసింది. తరువాత అంచున నలుసంత మిగిలిన గుడ్డను వేలిగోటితో విప్పి వెలుతురులో పట్టుకుంది. వంకాయరంగు మీద పసుపు చుక్క.

“ఇది నా సీర.”

“వేసవిలో ఊరెళ్ళినప్పటిదేమో పిన్నీ. అప్పుడు కట్టినది—”

“కాదు. వేసవికి నేనీ సీర కట్టుకునే కదా రైలెక్కేను. ఆషాఢంలో కొక్కేనికి తగిలి చిరిగింది. అప్పుడు పేలికలు సేసేను.” ఆమె నా ముఖంలోకి చూసింది. “ఆ తరవాత మేం ఊరెళ్ళలేదు. మీ బాబాయి ఒక్కడే ఎల్లేడు.”

నాన్న తడి తలతోనే వరండాలోకి వచ్చాడు. చినతాత మంచం మీదినుండి లేచాడు. నేను క్రమంగా, పరీక్షలో సమాధానం చెప్పినట్లు, జరిగినది చెప్పాను. నాన్న వంగి ఆ బోల్టును చేతిలోకి తీసుకున్నాడు. తరువాత, “ఆ రోజు స్టాండులో కానిస్టేబులు సీటు కింద సెయ్యెట్టేడు,” అన్నాడు మెల్లగా. “‘తార్ లటక్ రహా హై’ అని, ఏలాడతన్న ఆ వైరుని పానా అడిగి బిగించేడు. నా ఎదుటే. నేను చూస్తానే ఉన్నాను. నాకు ఆ మాటే మనసుకెక్కలేదు.”

“అయితే ఏటి?” అన్నాడు చినతాత. “ఇంత గుడ్డముక్క సూసి, పోయినోడు పోలేదంటారేటి? తిథి సూయించేసేను. పంతులికి సెప్పీసేను.”

పిన్ని ఆయన ముందు ఎన్నడూ గొంతు ఎత్తి మాట్లాడలేదు. ఆ రోజు కూడా గొంతు ఎత్తలేదు. తలుపు వారన నిలబడి, కొంగు భుజం మీదికి లాక్కుని అన్నది: “పట్టాల మీదికి పోయేవోడికి బ్యాటరీతో ఏటి పని మావయ్యా? తిరిగొచ్చి బండెక్కుదామనుకున్నోడే వైరిప్పుతాడు. ఆముదం కూడా తెచ్చుకున్నాడు. ఇంట్లోంచి గుడ్డ తడిపి జేబులో ఎట్టుకుని ఎల్లేడు. ఆయన ఏ ఊరెల్లేడో నాకు తెల్దు. ఎందుకు రాలేదో తెల్దు. రానని మాత్రం ఎల్లలేదు.”

“మరి ఇన్నేళ్ళయినా రాలేదేటి?”

ఆ ప్రశ్నకు జవాబు ఆ రోజు ఎవరి దగ్గరా లేదు. ఈ రోజూ లేదు. చినతాత నాన్న వైపు తిరిగి, “నువ్వు కళ్ళారా సూసినోడివి. నువ్వు సెప్పరా” అన్నాడు.

నాన్న తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. “అప్పుడు సెప్పలేకపోయేను. ఇప్పుడూ సెప్పలేను. నేను సెప్పలేని మనిషికి నిప్పెట్టలేను బాబూ. ఈ పని మన ఇంట్లో జరగదు.”

చినతాత మరునాటి రైలుకే ఊరికి బయలుదేరాడు. “ఆడదాని మాటకి ప్రేతాన్ని ఇంట్లో ఎట్టుకుంటన్నారు” అని గేటు దగ్గర అన్నాడు గాని, పిన్ని కట్టి ఇచ్చిన పులిహోర పొట్లం మాత్రం సంచిలో పెట్టుకున్నాడు. నేను ఆ ఇత్తడి ముక్కను ఉప్పుకాగితంతో రుద్ది బిగించాను. సూది మరి ఎన్నడూ పడిపోలేదు. నాన్న ఉద్యోగ విరమణ చేసే వరకూ ఆ బండినే నడిపాడు. మలుపు దగ్గర ఇంజను ఆపడం మాత్రం మానలేదు.

ఈ కాలంలో మనిషి మాయం కావడం కష్టం. మొన్న నా మనుమడు స్నేహితులతో కలిసి ఊరు దాటి పోతే, వాడు ఏ హోటలులో టీ తాగుతున్నాడో మా కోడలు చేతిలోని ఫోనులో చూసి చెప్పింది. బండ్లు కూడా తమ జబ్బు ఏమిటో తామే చెప్పుకుంటున్నాయట. ఆనాడు ఒక మనిషి స్టేషనులో టిక్కెట్టు కొంటే చాలు, లోకం అతని వెనుక మూసుకునేది. జాడ వెతకాలంటే సీటు కింద ఒక గుడ్డపోగు దొరకాలి. నేటి ఏర్పాటే మేలని నా బుద్ధి చెబుతుంది. అయినా ఆలోచిస్తే, ఆ ఆదివారం మాకు దొరికినది జాడ కాదు. అతడు పోయిన దిక్కును అది చూపలేదు. అతని మనస్సులో ఆ ఉదయం ఉన్న ఒక్క ఉద్దేశాన్ని చూపి, మిగిలిన చీకటిని యథాతథంగా మాకు వదిలిపెట్టింది.

ఆ చీకటిలో పిన్ని నలభై ఏళ్ళకు పైగా నివసించింది. బొట్టు పెట్టుకుంది. నోములకు, పేరంటాలకు కొందరు పిలిచేవారు, కొందరు గుమ్మం దాకా వచ్చి తటపటాయించి వెళ్ళిపోయేవారు. పిలవనివారి మీద ఆమె కోపగించుకోలేదు. అమ్మ తన చివరి రోజులలో ఒకసారి నాతో, “ఆ గుడ్డ నీ కంటబడకుండా ఉంటే దానికే సుఖంగా ఉండేదేమోరా. ఏడ్చి, కడుక్కుని, మరో బతుకు బతికేది” అన్నది. నేను లోపాన్ని సరిగానే కనిపెట్టాను. నా తర్కంలో ఈనాటికీ దోషం కనబడదు. కాని ఒక స్త్రీ జీవితాన్ని ఆ తర్కం ఎక్కడికి చేర్చిందన్న ప్రశ్నకు నేను చదువుకున్న శాస్త్రంలో అధ్యాయం లేదు. పిన్నిని ఒకసారి అడగాలని చాలా ఏళ్ళు అనుకున్నాను. ఆమె నా పిల్లలకు తలకు నూనె పెడుతూ, సాయంకాలాలు వాకిట్లో కూర్చుంటూ ఉండేది. ఆ ముఖంలో సుఖమూ లేదు, దుఃఖమూ లేదు; రైలు ఆలస్యంగా నడుస్తోందని తెలిసినవారి ఓర్పు ఉండేది. నేను అడగలేదు.

ఆమె పోయిన రోజున, రాయపూర్‌లో మా ఇంటి వరండాలో దేహాన్ని పడుకోబెట్టి, కొడుకు స్థానంలో నేను తలదగ్గర నిలబడ్డాను. పురోహితుడు చిన్నవాడు, ఈ ఊళ్ళోనే పుట్టినవాడు. తెలుగు కన్నా హిందీయే అతనికి సులువు. స్త్రీలు పసుపు గిన్నె పట్టుకుని, రాయాలో మానాలో తెలియక నిలబడిపోయారు. అతడు నా దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు: “అంకుల్, సుమంగళి విధి చెయ్యాలా, వేరేదా? వాళ్ళ హస్బెండు ఉన్నారా?”

నాన్నను ఆనాడు ఆ యార్డు అవతల ఎవరో ఇలాంటి ప్రశ్నే అడిగి ఉంటారు. “చెప్పలేను” అని ఆయన అన్న మాట నా నాలుక వరకూ వచ్చింది. కాని పసుపు గిన్నెతో నిలబడిన స్త్రీలు నా పెదవుల వైపే చూస్తున్నారు.

“ఉన్నారు,” అన్నాను. “సుమంగళిగానే చెయ్యండి.”

వారు ఆమె ముఖానికి, పాదాలకు పసుపు రాశారు. నుదుట రూపాయి కాసంత బొట్టు పెట్టారు. అంతవరకూ బాబాయి బతికి ఉన్నాడన్న మాట పిన్నిది. మేము ఆమె ఎదురుచూపును గౌరవించినవాళ్ళం మాత్రమే. ఇప్పుడు ఆ మాట నేను అన్నాను, అగ్ని ముందు, పదిమంది ఎదుట. ఎనభైకి చేరువైన ఒక మనిషి ఎక్కడో ఉన్నాడు. అతనికి భార్య పోయిన సంగతి తెలియదు. అతడు ఏ రోజైనా గేటు తీసుకుని లోపలికి వస్తే, ఆ సంగతి చెప్పవలసినవాణ్ణి నేనే.